పాట కింద మాట

"పాట ఆపు," అన్నాడు ఇస్రాయేలు.

"పాట ఆపితే బొమ్మ కూడా ఆగుతది భాయ్. రెండూ ఒకటే ఫైలు," అని ఫజల్ నవ్వాడు. అతని చేతిలో నోకియా ఫోను. అగ్గిపెట్టెకి అన్నలాంటి ఆ తెర మీద ఒక ఆడమనిషి వంటగదిలో నిలబడి ఉంది. నైటీ భుజం మీంచి కిందికి జార్చి, వీపు ఇటు తిప్పింది. దాని మీద డప్పులతో ఎవడో మగవాడు అరుస్తున్న జాతర పాట.

"అయితే గొంతు తగ్గించు. నాకు కావలసింది పాట కాదు."

మస్కట్ నగరం దార్సైట్‌లో ప్రీతమ్ ఫ్లాటు హాలు అది. ప్రీతమ్ ఒక పెద్ద కంపెనీలో లెక్కల మేనేజరు. సోఫాలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. పక్కన అతని భార్య వకుళ. తెర మీద ఉన్న మనిషి వాళ్ళింటి పనిమనిషి రామలక్ష్మి. ఆ సాయంత్రం విమానానికి ఆమెను ఇంటికి పంపేస్తున్నారు. ఏ మచ్చతో పంపాలన్నదే ఇప్పుడక్కడ మిగిలిన మాట.

ఆ క్లిప్పు బయటపడింది మొన్న శుక్రవారం. సెలవురోజు రువి బజారులో చెట్టు నీడ దొరికిన చోటల్లా, కూలీల క్యాంపుల్లో మెట్ల మీదల్లా మనవాళ్ళు గుంపులుగా చేరి ఫోన్లలో బ్లూటూత్ తెరుస్తారు. 'కడప కింగ్' అని పేరు పెట్టుకున్న ఫోను నుంచి 'సోహార్ లవర్'కి, వాడి నుంచి ఇంకొకడికి పాటలు, కామెడీ ముక్కలు, ఊళ్ళో తిరనాళ్ళ వీడియోలు ఒక పైసా ఖర్చు లేకుండా దూకుతాయి. కళ్ళం మీద నిప్పురవ్వ పడితే ఏ గడ్డివాము ముందు అంటుకుందో ఎవడు చెప్పగలడు? చీకటి పడేసరికి ఎక్కడో దూరాన ఉన్న బురైమిలో చూశారు, ఖబూరాలో చూశారు. సెలవుకి ఇంటికెళ్ళిన ఎవడి జేబులోనో కూర్చుని సముద్రం కూడా దాటింది.

ఫజల్ హైదరాబాదీ. మస్కట్‌లో సెక్యూరిటీ కంపెనీ నడుపుతాడు. ఇళ్ళల్లో దొంగతనాలు, పనివాళ్ళ పారిపోవడాలు అతని చేతికే వస్తాయి. ఇస్రాయేలుది రేపల్లె వైపు. ఒకప్పుడు పోలీసు వేలిముద్రల విభాగంలో పనిచేసి, ఇప్పుడు ఒక బీమా కంపెనీ తరఫున ప్రమాదాల్లో నిజమెంతో తేలుస్తుంటాడు. ఇంతకుముందు రెండుసార్లు ఇద్దరూ ఎదురుపడ్డారు. ఫజల్ తొందరగా తేలుస్తాడు. ఇస్రాయేలు ఆలస్యంగా తేలుస్తాడు. డబ్బిచ్చేవాళ్ళకి ఎప్పుడూ ఫజలే ముద్దు.

ఇస్రాయేలుకి ఇక్కడ ఎవరూ ఏమీ ఇవ్వరు. కింది అంతస్తులో ఉండే నర్సు సెలిన్ పొద్దున్నే ఫోన్ చేసి, "బ్రదర్, మీరొచ్చి చూడకపోతే ఆ పిల్లని పాడుదని ముద్రేసి పంపేస్తారు," అని ఏడిస్తే వచ్చాడు. సెలిన్‌ది నరసాపురం. చర్చిలో అందరికీ కావలసిన మనిషి. ఆస్పత్రి డ్యూటీకి సెలవు పెట్టి ఇప్పుడు గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"తేలిపోయిందండీ," అన్నాడు ప్రీతమ్. "వెనక సందులో మొబైల్ షాపు ఇమ్రాన్. వాడికీ దీనికీ ఏదో ఉంది. వాడే తీశాడు, వాడే పంచాడు. ఫజల్‌గారు రిపోర్టు రాసేశారు. పోలీసులకి ఇవ్వకుండా ఇంటికి పంపుతున్నామంటే మా మంచితనం."

"ఆ రిపోర్టు ఎవరికిస్తారు?"

"వీసా ఇప్పించిన ఏజెంటుకి. ఊళ్ళో వాళ్ళాయనకి కూడా ఒక కాపీ. రేపు మా మీద ఎవరూ మాట అనకూడదు కదా."

"అమ్మాయితో ఒకసారి మాట్లాడాలి."

వకుళ మొహం చిట్లించింది. "అది నోరు విప్పదండీ. మేమడిగి అడిగి అలిసిపోయాం."

"నేనింకా అలిసిపోలేదు తల్లీ."

రామలక్ష్మి వాషింగ్ మిషను, బియ్యం మూటలు పెట్టుకునే గదిలో తన సూట్‌కేసు మీదే కూర్చుని ఉంది. ముప్పై దాటి ఉండవు. గోడకి ఆనుకోకుండా, నిటారుగా కూర్చుంది. ఇస్రాయేలు ఎదురుగా నేల మీద గొంతుక్కూర్చున్నాడు. ఫజల్ తలుపుకి జారగిలబడ్డాడు.

"ఏ ఊరమ్మా?"

"రాయచోటి కాడ పల్లె."

"ఫోనుందా నీ దగ్గర?"

"యాడిదన్నా. వచ్చిన దినమే అమ్మ తీసి బీరువాలో పెట్టేసింది."

"ఇంటికి ఎట్లా మాట్లాడతావ్?"

"నెలకోతూరి అమ్మే కలిపిస్తాది. మాట్లాడినంతసేపూ పక్కన్నే నిలబడుకోని ఉంటాది."

"మీ ఆయన ఏమన్నాడు?"

ఆమె పెదవి కొరుక్కుంది. "నీ బొమ్మ బస్టాండులో పిల్లోళ్ళు చూస్తాండారే, ఊర్లేకి వస్తే కాళ్ళిరగ్గొడతా అన్న్యాడు. పిల్లోళ్ళను కూడా నాకు చూపించడంట."

"ఎవరు తీశారో చెప్పు. నీ పిల్లల్ని నీకు దక్కించే దారి వెతుకుతా."

"చెప్పనన్నా." గొంతు గట్టిగానే ఉంది. "నేను నోరు తెరిస్తే నాకు మేలు చేసినోళ్ళు చెడిపోతారు. నేనెట్లా చెడిపోయినా గదా. ఒక్కదాన్నే పోతా, వాళ్ళను కూడా యాల?"

"ఆ మేలు చేసినోడి పేరు ఇమ్రానే గదా?" అన్నాడు ఫజల్ తలుపు దగ్గర్నించి.

"ఆ పేరుగల్లోడు ఎవురో నాకు తెల్దు. మీరు చెప్తేనే ఇన్న్యా." అంతే. మొహం గోడ వైపు తిప్పుకుంది.

ఇస్రాయేలు లేచి వంటగదిలోకి నడిచాడు. వెనకాలే అందరూ వచ్చారు. ఇరుకైన వంటగది. ఒక గోడకి స్టవ్వు, ఎదురు గోడకి ఫ్రిజ్, దాని పక్కన డబ్బాల అర. స్టవ్వు పక్కన భవనం లోపలి గొట్టాల సందులోకి తెరుచుకునే చిన్న కిటికీ.

"గదిగో," అన్నాడు ఫజల్ కిటికీ చూపించి. "ఏసీ బాగుచేసేటోడి నిచ్చెన ఆ సందులో ఎప్పుడూ ఉంటది. ఇమ్రాన్ నిచ్చెన ఎక్కిండు, తీసిండు. ఖతం."

"కిటికీ లోంచి తీశాడంటావు."

"ఇంకేడికెళ్ళి తీస్తడు?"

"ఫోను ఇలా తే." ఇస్రాయేలు క్లిప్పు ఆడించి తెరని అతని ముక్కు ముందు పెట్టాడు. "ఆమె భుజం వెనకాల తెల్లగా వెలుగుతున్నదేంటి?"

ఫజల్ చూశాడు. మళ్ళీ చూశాడు.

"కిటికీ," అన్నాడు ఇస్రాయేలే. "కిటికీలో ఉన్నవాడు కిటికీని తియ్యలేడు నాయనా. అద్దం లేకుండా తన వీపు తాను చూసుకున్నట్టుంటుంది."

"అయితే లోపలికొచ్చి తీసిండు. ఇంకా మంచిది. ఇంట్లకి రానిచ్చిందన్నమాట."

"చేత్తో తీశాడా? మా తోడల్లుడు కన్నకూతురి పెళ్ళి తీస్తేనే పందిరంతా ఊగింది. దొంగతనంగా తీసేవాడి చెయ్యి ఎంత ఊగాలి? గోడ మీద ఈ పలకల గీత చూడు. మొదటి నుంచి చివరి దాకా వెంట్రుకవాసి కదల్లేదు. పైగా కింద అంచున నల్లగా వంపు తిరిగి ఏదో అడ్డం ఉంది." డబ్బాల అరలో తన ఫోన్ని ఆవకాయ డబ్బాకి ఆనించి నిలబెట్టి, కొంచెం ముందుకి జరిపాడు. తెరలో స్టవ్వు, కిటికీ, కింద మూత అంచు వచ్చి కూర్చున్నాయి. క్లిప్పులో ఉన్నది ఉన్నట్టు. "ఫోన్ని ఇక్కడ ఆనించి పెట్టారు. ఆమె దానికి ఎదురుగా వెళ్ళి నిలబడింది. తెలిసే నిలబడింది."

ఫజల్ చప్పట్లు కొట్టాడు.

"షుక్రియా భాయ్! నా కేసు నువ్వే గట్టి చేసినవ్. నేను ఇమ్రాన్ దొంగచాటుగా తీసిండన్న. కాదట సార్, ఆమెనే పెట్టుకొని ఆమెనే తీసుకున్నదట. రిపోర్టులో ఆ ఒక్క ముక్క మారుస్త."

"నేను మొదట్నుంచీ చెప్పలా?" అంది వకుళ భర్త వైపు తిరిగి. ప్రీతమ్ మొహం వెలిగింది.

ఇస్రాయేలుకి పందికొక్కుని పట్టబోయి గాదెకి తానే కన్నం పెట్టినట్టయింది. తలుపవతల సూట్‌కేసు మీద కూర్చున్న మనిషికి ఈ మాటలన్నీ వినపడుతూనే ఉంటాయి. క్లిప్పు మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పెట్టాడు.

"సిగ్గులేక తీయించుకున్నది మొహం నవ్వుతూ పెడుతుంది. ఈమె చూడండి. ఒక్క నవ్వు లేదు. వీపు చూపించి, మెడ ఇటు తిప్పి, వేలితో తన వీపు మీదే ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ అని చూపిస్తోంది. ఈ మసక బొమ్మలో అక్కడేముందో తెలియడం లేదు. పెదాలు చూడండి, ఆగకుండా కదులుతున్నాయి."

"పాడుతోందేమో," అన్నాడు ప్రీతమ్.

"మగ గొంతుతోనా? పాట ఒక తాళంలో ఉంది, ఆమె నోరు ఇంకో తాళంలో ఉంది. కొసకి రండి. ఇదిగో. ఇటు తిరిగింది. ఏం చేసింది?"

ఫజల్ కళ్ళు చిన్నవి చేసి చూశాడు. "దండం... పెట్టింది."

"ఈ దేశంలో తెలుగు క్యాంపుల్లో ఎంతమంది మగాళ్ళు చూసుంటారో దీన్ని? రాయచోటి బస్టాండులో ఎంతమంది? ఆ దండం ఒక్కడికీ కనపడలేదు." ఫోను తిరిగిచ్చేశాడు. "ఆమె ఎవరికో ఏదో చెప్పుకుంది. ఆ మాటలు తీసేసి పాట అంటించారు. ఆమెకి ఫోను లేదు, కాబట్టి ఫోను ఇంకొకరిది. ఎవరిదో తేలాలి. సిస్టర్, మీరు నర్సు గదా, ఆమెను పక్కకి తీసుకెళ్ళి ఒక్కసారి ఆ వీపు చూస్తారా?"

సెలిన్ ఉలిక్కిపడింది. "వద్దు బ్రదర్. ఆమెకి ఇష్టం లేకుండా... ఎందుకు?"

"మా ఇంట్లో పరీక్షలా?" వకుళ గొంతు లేచింది. ప్రీతమ్ ముందుకొచ్చాడు. "మిస్టర్ ఇస్రాయేలు, ఈ ఇంట్లో మీకేం అధికారం ఉంది? ఎవరు పిలిచారు మిమ్మల్ని? దయచేసి బయటికి నడవండి."

అధికారం లేదు. అదొక్కటీ ప్రీతమ్ చెప్పిన నిజం. బయటికి నడిచాడు.

మెట్ల మీద సెలిన్ వెంటపడింది. "ఇప్పుడెలా బ్రదర్?"

"ఇమ్రాన్ షాపుకి. మాటలు తీసి పాట పెట్టాలంటే కంప్యూటరు కావాలి."

"నేనూ వస్తాను," అంది. ఆ మాట చెప్పడానికి ఆమెకి కొంచెం సమయం పట్టింది.

ఫజల్ వాళ్ళకంటే ముందే బండి తీశాడు. ఇమ్రాన్ బతాకా, అంటే ఈ దేశంలో బతకడానికి ఇచ్చే గుర్తింపు కార్డు, పొద్దుటి నుంచీ ఫజల్ జేబులోనే ఉంది. అది లేకుండా ఇమ్రాన్ ఎక్కడికీ పోలేడు.

మధ్యాహ్నం విరామం. సందులో షాపులన్నీ మూసి ఉన్నాయి. ఇమ్రాన్ షట్టరు సగం దించి లోపల కూర్చుని ఉన్నాడు. ఆదోని కుర్రాడు, పెళ్ళయి రెండేళ్ళు. గోడ నిండా ఫోను తొడుగులు, చార్జర్లు, ఒక మూల కంప్యూటరు. వీళ్ళని చూసి లేచాడు. సెలిన్‌ని చూసి, "సలాం సిస్టర్," అని తల దించుకున్నాడు.

"కూర్చో," అన్నాడు ఇస్రాయేలు. "నిన్ను కొట్టడానికి రాలేదు. నీ పని చెప్పు. ఒకడు మెమరీ కార్డు తెచ్చి పాటలు వెయ్యమంటాడు. మొదట ఏం చేస్తావు?"

"కార్డులో ఉన్నదంతా కంప్యూటర్లోకి లాగుతా సార్. పాటలు ఎక్కిస్తుంటే కార్డు చెడిపోతే? మా పెళ్ళి వీడియో పోయిందని మెడ పట్టుకుంటారు. అందుకని ముందే కాపీ."

"తర్వాత ఆ కాపీ తీసేస్తావా?"

ఇమ్రాన్ నీళ్ళు నమిలాడు. "అందులోనే గదా సార్ కొత్త సరుకు దొరికేది. ఎవరో ఒకరు ఊరినుంచి కొత్త పాట తెస్తారు. వారంలో వచ్చిందంతా ఒకే ఫోల్డరు. శుక్రవారం వచ్చినోళ్ళకి ఫోల్డరే ఎక్కిస్తా. ఒక్కొక్కటీ ఎవడు చూస్తాడు సార్?"

"అంటే అందరి ఇళ్ళ ముచ్చట్లూ అందరికీ పంచుతావు."

"అందరు షాపులోళ్ళూ అంతే సార్."

"ఈ క్లిప్పులో మాటలు తీసింది నువ్వేనా?"

ఇమ్రాన్ తలూపాడు. "వాయిస్ తీసెయ్, బొమ్మ ఉంటే చాలన్నారు. తీశా. నేను వినలేదు సార్, కాబా సాక్షి. బయటి స్పీకర్లో పాట మోగుతుంటే ఎవరి గొంతు వినపడతది? కంప్యూటర్లో మాటలు గీతలా కనిపిస్తాయి. ఆ గీత తీసేశా. ఎవరో మందు రాయించుకుంటున్నారనుకున్నా."

"మరి పాట?"

"శబ్దం లేని వీడియో ఇస్తే చెడగొట్టావని వెనక్కి తెస్తారు సార్. అలవాటు. చేతికొచ్చిన పాట వేసేశా. ఇట్లా అవుతదనుకోలేదు."

"తీయించింది ఎవరు?"

ఇమ్రాన్ నేల చూశాడు. "నన్ను జైల్లో పెట్టించండి. ఆ పేరు చెప్పను. మా ఇంటిది, షబానా, కాన్పులో చచ్చిపోవాల్సింది. బతికిందంటే..." అక్కడితో నాలుక కరుచుకున్నాడు.

ఇస్రాయేలు వెనక్కి తిరగలేదు. తన వెనక ఎవరో ఊపిరి బిగబట్టడం తెలుస్తూనే ఉంది. "సరే. పేరు తర్వాత. మాటలున్న అసలు కాపీ కంప్యూటర్లో ఉందిగా. పెట్టు."

ఇమ్రాన్ ఫజల్ వైపు చూశాడు. ఫజల్ గొంతు సవరించుకున్నాడు. "అదిక లేదు భాయ్. పొద్దుగాల నేనే మొత్తం చెరిపించిన. ఇంకా పాకకుండా."

"పాకకుండానా? దేశమంతా పాకినాక?" ఇస్రాయేలు మొదటిసారి గొంతెత్తాడు. "నిప్పార్పమంటే బావి పూడ్చి వచ్చావు కదయ్యా! అది ఆ అమ్మాయి నోరు. నువ్వు చెరిపింది ఆమె నోరు!"

"ఏయ్, మాట జాగ్రత్త! నాకు చెప్పిన పని నేను జేసిన."

"చెప్పినవాడు ఎవడో, ఎందుకు చెప్పాడో ఆలోచించావా? చెరిపెయ్యమని నీకై నీకు తోచిందా, ప్రీతమ్ చెప్పాడా?"

ఫజల్ షట్టరు వైపు తిరిగి నిలబడ్డాడు. అదే సమాధానం.

ఇస్రాయేలు స్టూలు మీద కూలబడ్డాడు. కాసేపటికి, "ఇమ్రాన్, నీ దగ్గర సరుకు తక్కువైతే ఎక్కడ తెచ్చుకుంటావు?" అన్నాడు.

"ఖబూరాలో ఎహసాన్ భాయ్ అని చిట్టగాంగు మనిషి, అతనికీ షాపుంది సార్. వారం వారం మార్చుకుంటాం. బస్సు డ్రైవరు చేత నా ఫోల్డరు ఒక కార్డులో..." ఇమ్రాన్ ఆగాడు. కళ్ళు పెద్దవయ్యాయి.

"ఏరి పంపుతావా?"

"ఏరను సార్. ఫోల్డరు ఫోల్డరే. పాటదీ, మాటలదీ, రెండూ వెళ్ళుంటాయి!"

ఫోన్ చేసేసరికి ఎహసాన్ అన్నానికి ఇంటికెళ్ళి ఉన్నాడు. తిని, పడుకుని, లేచి షాపు తెరిచేదాకా ఆగాలన్నాడు. పడుకోకుండా వెళ్ళమని ఇస్రాయేలు బతిమాలాడు, తిట్టాడు, మళ్ళీ బతిమాలాడు. సందులో ఒక్కో షట్టరూ లేస్తోంది. మధ్యాహ్నం తర్వాతి అసర్ నమాజు పిలుపు వినిపించి ఆగిపోయింది. సెలిన్ మంచినీళ్ళ సీసా మూత తిప్పుతూ, బిగిస్తూ కూర్చుంది. అప్పుడు ఫోను మోగింది.

"దొరికింది," అన్నాడు ఎహసాన్ హిందీలో. "ఒకే బొమ్మ రెండున్నాయి భాయ్. ఒకటి పాటది. ఒకటి ఏడుపుది. పాటది నా దగ్గర అందరూ తీసుకున్నారు. ఏడుపుది ఎవరూ అడగలేదు."

"దాన్ని పెట్టి, ఫోను స్పీకరు దగ్గర పెట్టు."

ఇస్రాయేలు తన ఫోన్ని గల్లా బల్ల మీద పెట్టి గొంతు పెంచాడు. గరగర. తర్వాత చాలా దగ్గరగా, గుసగుసగా ఒక ఆడగొంతు: "ఇటు, వెలుతురులోకి తిరుగు. తొందరగా చెప్పెయ్యి. నేను మందు రాస్తున్నానని మాత్రం ఎక్కడా అనకేం? నేను తలుపు దగ్గర ఉంటాను."

గోదావరి యాస. పొద్దుటి నుంచీ వాళ్ళ పక్కనే ఉన్న గొంతు.

సెలిన్ కళ్ళు మూసుకుంది. ఫోన్లో ఇంకో గొంతు మొదలైంది.

"మామా, నేను రామలక్ష్మిని. రాయడం చాతగాదు, అందుకే ఇట్లా చూపిస్తాండా. పిల్లోళ్ళకు చూపించాకు. కూర మాడిందని అమ్మ గరిటె కాల్చి పెట్టింది. ఇది మొన్నటిది. ఇది ఉగాదికి ముందుది. ఈ పెద్దది ఇస్త్రీ పెట్టెది. అయ్య చూస్తా నిలబడుకున్న్యాడు, ఒక్క మాట అనలా. నేను ఎట్లనో ఓర్చుకుంటా. నా కోసరం గాదు మామా. నా చెల్లెలు ఆంజిని పంపాకు. 'నీకు తోడు ఉంటాదిలే, నీ చెల్లెలికి గూడా వీసా తీస్తాం' అంటాండారు వీళ్ళు. దానికి పద్దెనిమిది యేండ్లని చెప్పి తీస్తారంట. దాన్ని పంపాకు మామా. ఎవురు చెప్పినా పంపాకు. నీ కాళ్ళు మొక్కుతా."

గరగర. "అయిపోయింది భాయ్," అన్నాడు ఎహసాన్. "ఏమంటోంది ఆమె?"

"దాన్ని భద్రంగా దాచు. ఎవరికీ ఇవ్వకు. నేనొచ్చి తీసుకుంటా." ఇస్రాయేలు సెలిన్ వైపు తిరిగాడు. "చెప్పండి సిస్టర్."

"మొదటిసారి వకుళ మేడమే పిలిచింది," అంది సెలిన్. "నూనె పడిందంది. కట్టు కట్టాను. ఆస్పత్రికి చెప్పాల్సింది, చెప్పలేదు. రెండోసారి నిజం తెలిసింది. అప్పటికే నేనూ దాచినదాన్నయ్యాను కదా బ్రదర్. లైసెన్సు పోతుంది, వీసా పోతుంది. అందుకని ఇంటికి ఇలా చెప్పుకోమన్నాను. నా ఫోన్లోనే తీశాను. తీరా వింటే నా గొంతు. ఆ గొంతొక్కటే తీసేద్దామని ఇచ్చాను, ఇమ్రాన్ ముక్క తీయడం రాదు, మొత్తం తీసేస్తానన్నాడు. ఊరెళ్ళేవాళ్ళ చేత పంపిద్దామని, వీపు చూస్తే చాలదా, మొగుడికి అర్థం కాదా అనుకున్నాను. నా దగ్గరున్నది చెరిపేశాను."

"ఆంజి మాట? అది వీపు మీద రాసి ఉందా?"

ఆమె మొహం చేతుల్లో దాచుకుంది.

"మరి నన్నెందుకు పిలిచావమ్మా?"

"మీరైతే... నా పేరు రాకుండా ఆమెను బయటపడేస్తారని."

ఇస్రాయేలుకి తిట్టాలనే అనిపించింది. సూట్‌కేసు మీద కూర్చుని ఒక్కదాన్నే పోతానన్న మనిషి గుర్తొచ్చి నోరు రాలేదు. "లే. ఫ్లాటుకి వెళ్దాం. ఆమె విమానం ఎక్కేలోపు, ఆ వీపు చూశానని పోలీసు ముందు నీ నోటితో చెప్పాలి. నీ మాటకి ఈ గొంతు తోడు, ఈ గొంతుకి ఆ వీపు తోడు. ఒక్కటి తగ్గినా నిలబడదు."

"ఫ్లాటుకి వద్దు భాయ్," అన్నాడు ఫజల్.

అందరూ అటు చూశారు. అంతసేపూ షట్టరు పక్కన నిలబడి ఉన్న ఫజల్ మొహం బూడిద రంగులో ఉంది.

"ఆమె ఫ్లాట్ల లేదు. మనం ఇటు రాంగనే ప్రీతమ్ ఆమెను ఎయిర్‌పోర్టుకి తీస్కపోయిండు. సాయంత్రం ఫ్లైటే. కానీ ముందుగాలనే లోపల కూసోబెడతనన్నడు. ఎట్లయినా అటే పోవాలె, ఇంకో పని ఉందన్నడు."

"ఏం పని?"

"మధ్యాహ్నం ఫ్లైటుకి కొత్త ఆయా దిగుతదట." ఫజల్ బండి తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. "పొద్దున ఆమె వీసా కాయితం, దిగంగనే తీస్కునేటట్టు, ఎయిర్‌పోర్టుల డిపాజిట్ చేసింది నేనే. ఎవరు సార్ అనడిగితే, పాతదాని చెల్లెలే, మన చెప్పుచేతల్ల ఉంటది, అన్నడు. ఖుదా కసమ్, నాకు తెల్వదు భాయ్."

ఒకే ఎయిర్‌పోర్టు. ఎక్కేవాళ్ళ తలుపు లోంచి అక్కని లోపలికి తోసి, దిగేవాళ్ళ తలుపు దగ్గర చెల్లెల్ని అందుకోవడం. ఒకరికొకరు కనపడకుండా.

"సెలిన్!"

"లైసెన్సు..." అంది సెలిన్. ఆ మాట తన నోట్లోంచే వచ్చినందుకు తానే బెదిరినట్టు లేచి నిలబడింది. "వెళ్తాను. సీబ్ ఎయిర్‌పోర్టులో పోలీసు డెస్కు దగ్గరికి నేను వెళ్తాను. కట్టు కట్టిన చేతులు నావే అని చెప్తాను."

"ఫజల్, ఈమెను నీ బండిలో తీసుకెళ్ళు. విమానం తలుపు మూయకముందే చేరాలి. నీ ఫోను నాకివ్వు. నా నంబరైతే ప్రీతమ్ ఎత్తడు."

ఫజల్ ఎదురు చెప్పలేదు. ఫోను ఇచ్చాడు. ఇమ్రాన్ బతాకా కూడా జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. బండి సందు మలుపు తిరగకముందే ఇస్రాయేలు ప్రీతమ్ నంబరు నొక్కాడు. మోగింది. మోగి మోగి ఆగింది. మళ్ళీ నొక్కాడు.

ఎవరో ఎత్తారు.

"హలో... ఎవురన్నా?" లేత గొంతు. వెనకాల బళ్ళ మోత.

"ఎవరమ్మా నువ్వు?"

"నేను ఆంజినన్నా. అయ్య దిగి బండికి పెట్రోలు పోయిస్తాండాడు. ఫోను సీట్లో అదేపనిగా మోగతాంటే తీసినా."

"ఆంజీ, నేను చెప్పేది విను. ఇప్పుడే బండి దిగు. పెట్రోలు పోసేవాళ్ళ దగ్గరికి పో, పెద్దగా కేకలు పెట్టు. ఆ బండి మళ్ళీ ఎక్కొద్దు."

"అదేందన్నా, యాడ దిగేది?" అని నవ్వింది ఆ పిల్ల. "మా అక్క ఇంటికాడ ఎదురు చూస్తాండాదంట గదా. నాకిష్టమని అలసంద వడలు చేసి పెట్టిందంట, అయ్య చెప్పినాడు. మీరు అక్కకు తెలిసినోళ్ళా?"

"మీ అక్క ఆ ఇంట్లో లేదమ్మా! మీ అక్క..."

అవతల కారు తలుపు తెరుచుకుంది. "ఎవరితో మాట్లాడుతున్నావు?" ప్రీతమ్ గొంతు. మెత్తగానే ఉంది.

"ఎవురో అన్న, అయ్యా," అంది ఆంజి, ఏ కల్మషమూ లేకుండా. "బండి దిగమంటాండాడు. అక్క ఇంట్లో లేదంటాండాడు."

తలుపు మూసుకున్న చప్పుడు. తర్వాత తాళం పడిన చప్పుడు. ఆ తర్వాత ఫోన్లో ఏమీ లేదు.